‘ప్రీ-వార్’ ఇల్లు, వెనక తలుపు: న్యూయార్క్ అద్దె మార్కెట్‌లో జాతి, కులం

ప్రకటన చాలా చిన్నది. మాన్‌హట్టన్‌లోని అప్పర్ వెస్ట్ సైడ్. ప్రీ-వార్ భవనం. ఒక బెడ్‌రూమ్. పూర్తిగా రెనొవేట్ చేసినది. అద్దె నెలకు 4,500 డాలర్లు. పరిశోధన పని మీద ఈ నగరంలో ఉన్న మేం ముగ్గురం కలిసి ఆ ఇల్లు చూడటానికి వెళ్లాం. ముగ్గురం పంచుకుంటే ఎలాగో గట్టెక్కుతామని లెక్క వేసుకున్నాం.

ఇల్లు బాగుంది. ఎత్తైన కప్పు, ఓక్ చెక్క నేల, గోడల అంచుల వెంట పాతకాలపు ప్లాస్టర్ నగిషీ. కిటికీ కింద ఆవిరితో వేడెక్కే ఇనుప రేడియేటర్. వంటగది మాత్రం పూర్తిగా కొత్తది. తెల్లరాతి గట్టు, గిన్నెలు తోమే మెషిన్, మెరిసే కుళాయిలు. ఆ వంటగది మూలన ఇంకో తలుపు కనిపించింది. ఎక్కడికని అడిగితే బ్రోకర్ తెరిచి చూపించాడు. బయట సన్నటి ఇనుప మెట్లు, వాటి పక్కన ఓ చిన్న లిఫ్టు. ‘పాత రోజుల్లో పనివాళ్లు వచ్చిపోయే దారి. ఇప్పుడు చెత్త బయట పెట్టుకోవడానికి వాడుకోవచ్చు’ అన్నాడు.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఊళ్లో పెరిగినవాళ్లకు వెనక తలుపు గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దిళ్లకు మన అమ్మమ్మలు వెళ్లింది ఆ దారినే. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో పనిమనుషులకు విడిగా లిఫ్టు కేటాయించి, దాని మీద బోర్డు పెట్టేదీ ఆ పద్ధతిలోనే.

ఆ ఇల్లు మాకు రాలేదు. ఎందుకు రాలేదో కిందే చెబుతాం. కానీ ఆ ప్రకటనలోని రెండు మాటలు, ‘ప్రీ-వార్’, ‘రెనొవేటెడ్’, మమ్మల్ని వదల్లేదు. న్యూయార్క్‌లో ఇప్పుడు ఇంటి అద్దె అన్నిటికంటే పెద్ద రాజకీయ అంశం. అద్దెలను స్తంభింపజేస్తానని హామీ ఇచ్చిన జొహ్రాన్ మమ్దానీ 2025 నవంబర్ ఎన్నికల్లో గెలిచి, 2026 జనవరి 1న మేయర్ అయ్యారు. ఈ నగరానికి ఏటా వందల మంది తెలుగు విద్యార్థులు వస్తున్నారు. వారిలో దళిత, బహుజన విద్యార్థుల సంఖ్యా పెరుగుతోంది. అందుకే ఈ ఒక్క బెడ్‌రూమ్ ఇంటిని పట్టుకుని ఇక్కడి ఇళ్ల రాజకీయాన్ని చదవాలనుకున్నాం.

యుద్ధానికి ముందు ఎవరి ఇల్లు?

న్యూయార్క్ వాడుకలో ‘ప్రీ-వార్’ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, ముఖ్యంగా 1900 నుంచి 1939 వరకు కట్టిన అపార్టుమెంటు భవనం. మందపాటి గోడలు, ఎత్తైన కప్పులు, చేతిపనితనం వీటి గొప్పలుగా చెబుతారు. ధర కూడా ఆ మాటకే ఎక్కువ పలుకుతుంది. పెద్ద ఇళ్లలో వంటగది వెనక ‘మెయిడ్స్ రూమ్’ అని ఇరుకు గది, దానికో చిన్న స్నానాల గది ఉండేవి. యజమానులకు ముందు లిఫ్టు, పనివాళ్లకు వెనక లిఫ్టు. ఆర్కిటెక్టు గీసిన ప్లానులోనే మనుషుల్ని రెండుగా విడగొట్టారు.

ఆ వెనక దారిన వచ్చిందెవరు? మొదట్లో ఐర్లండ్ నుంచి వలస వచ్చిన స్త్రీలు. తర్వాత అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన నల్లజాతి స్త్రీలు. 1930ల ఆర్థిక మాంద్యంలో బ్రాంక్స్ వీధి మూలల్లో నల్లజాతి స్త్రీలు గంటల తరబడి నిలబడి, ఇంటిపనికి ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూసేవారు. ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు నల్లజాతి రచయిత్రులు 1935లో ‘ది క్రైసిస్’ పత్రికలో ఆ అడ్డాల గురించి రాశారు. వాటికి వాళ్లు పెట్టిన పేరు ‘బానిసల సంత’. హైదరాబాద్‌లో తెల్లారకముందే లేబర్ అడ్డాల మీద నిలబడే పాలమూరు కూలీలను చూసినవాళ్లకు ఆ దృశ్యం వేరే వివరించక్కర్లేదు. అదే 1935లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన సామాజిక భద్రతా చట్టం, కార్మిక సంఘాల హక్కుల చట్టం రెండూ ఇంటిపనివారిని బయటే ఉంచాయి. న్యూయార్క్ రాష్ట్రం ఇంటిపనివారికి ప్రత్యేక హక్కుల చట్టం చేసింది 2010లో. అంటే 75 ఏళ్ల తర్వాత.

వెనక దారిన రానిచ్చారు సరే, ముందు దారిన అద్దెకు రానిచ్చారా? ఆ కాలంలో ఆస్తి పత్రాల్లోనే షరతులు రాసుకునేవారు. ఈ ఇంటిని నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని. చాలాచోట్ల యూదులకు కూడా. 1926లో ‘కారిగన్ వర్సెస్ బక్లీ’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందాల జోలికి వెళ్లలేదు. ప్రైవేటు వ్యక్తుల మధ్య ఒప్పందం కాబట్టి రాజ్యాంగం అడ్డురాదని చెప్పింది. ఇవాళ క్వీన్స్‌లో భారతీయుల బజారుగా పేరుపడ్డ జాక్సన్ హైట్స్‌నే తీసుకుందాం. అక్కడి ప్రీ-వార్ ‘గార్డెన్ అపార్టుమెంట్ల’ను క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ 1910లు, 1920ల్లో కట్టింది. యూదులకు, నల్లజాతివారికి అందులో చోటు లేదు. ఇప్పుడు మనవాళ్లు దోసె తిని, బంగారం కొనుక్కుని, ఫొటోలు దిగే వీధుల వెనక ఉన్న ఇటుక భవనాలు ఆ షరతుల మీద లేచినవే.

ఇదే కాలానికి చెందిన మరో భవనం గురించి చెప్పుకోవాలి. హార్లెమ్‌లోని షుగర్ హిల్‌లో 409 ఎడ్జ్‌కూంబ్ అవెన్యూ. పదమూడు అంతస్తుల ప్రీ-వార్ కట్టడం. మొదట తెల్లవారి కోసం కట్టారు. 1920ల చివర్లో నల్లజాతివారు అడుగుపెట్టగలిగారు. 1940ల్లో డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ అక్కడ ఉండేవారు. ఆయనకు 1946లో భారతదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. నల్లజాతివారి సమస్యను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టిన విజ్ఞాపన ప్రతి కావాలని, అంటరానివారి సమస్యకూ నీగ్రోల సమస్యకూ ఎంతో పోలిక ఉందని అందులో రాశారు. డుబాయిస్ వెంటనే జవాబిచ్చారు.

ఆ భవనంలోనే ఉన్న మరో మనిషి థర్గుడ్ మార్షల్ అనే న్యాయవాది. ఆస్తి పత్రాల్లోని జాతి షరతుల మీద 1948లో సుప్రీంకోర్టులో వాదించినవారిలో ఆయన ఒకరు. ఆ ఏడాది వచ్చిన ‘షెల్లీ వర్సెస్ క్రేమర్’ తీర్పు అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని తేల్చింది. 1957లో న్యూయార్క్ నగరం ప్రైవేటు ఇళ్లలో వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. దేశం మొత్తానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం రావడానికి మాత్రం 1968 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి అధ్యక్షుడు దానిపై సంతకం పెట్టాడు.

ఆ మధ్యకాలంలో ఇంకో పని జరిగిపోయింది. 1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల మ్యాపులు గీసి, హార్లెమ్ లాంటి నల్లజాతి ప్రాంతాలకు ఎర్ర రంగు పూసింది. ఎర్ర రంగు అంటే అక్కడి ఇంటి మీద అప్పివ్వడం ప్రమాదమని అర్థం. తెల్లవారి ఇళ్ల విలువ ముప్పై ఏళ్లు పెరిగింది, వీళ్లది పెరగలేదు. 1968లో తలుపు తెరిచేసరికి లోపలికి రావడానికి కావాల్సిన డబ్బు ఒక పక్షం దగ్గరే పోగుపడి ఉంది. భూమి పంపకం జరగకుండా అంటరానితనాన్ని మాత్రమే నిషేధించిన మన అనుభవం ఇక్కడ గుర్తుకొస్తుంది.

కారణం చెప్పనక్కర్లేని బోర్డు

మాన్‌హట్టన్‌లో చాలా ప్రీ-వార్ భవనాలు ‘కో-ఆప్’లు. అంటే ఇల్లు మీ పేరు మీద ఉండదు. భవనం ఒక కంపెనీది. మీరు అందులో వాటాలు కొంటారు, వాటితో పాటు ఆ ఇంట్లో ఉండే హక్కు వస్తుంది. కొనాలన్నా, చాలాచోట్ల ఓనర్ దగ్గర అద్దెకు దిగాలన్నా, ఇరుగుపొరుగే సభ్యులుగా ఉన్న బోర్డు ఒప్పుకోవాలి. బ్యాంకు కాగితాలు, పన్ను కాగితాలు, సిఫార్సు ఉత్తరాలు, ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ.

బోర్డు కాదంటే కారణం చెప్పనక్కర్లేదు. 1990లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ‘వన్ ఫిఫ్త్ అవెన్యూ’ భవనం కేసులో ఒక సూత్రం నిలబెట్టింది. కో-ఆప్ బోర్డు సద్బుద్ధితో, భవనం మేలు కోసం, తన అధికార పరిధిలో తీసుకున్న నిర్ణయంలో కోర్టు తల దూర్చదని. ఆ కేసు మొదలైంది కూడా రెనొవేషన్‌తోనే. ఒక యజమాని వంటగది బాగుచేయిస్తూ ఆవిరి గొట్టాన్ని కాస్త పక్కకు జరపబోతే బోర్డు వద్దంది. గొట్టం గురించి వచ్చిన తీర్పు మనుషుల్ని వద్దనే బోర్డులకూ రక్షణ కవచం అయింది. జాతి, మతం చూసి కాదనడం చట్టవిరుద్ధమే. కానీ కారణమే బయటికి రానప్పుడు దేన్ని రుజువు చేస్తాం? 1985లో సాన్ రెమో అనే భవనం బోర్డు గాయని మడోనాను వద్దంది. పత్రికలన్నీ రాశాయి. పేరులేని ఒక నల్లజాతి నర్సును వద్దంటే ఏ రికార్డులోనూ ఒక్క వాక్యం ఉండదు. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలన్న డిమాండ్ ఈ నగరంలో ఏళ్లుగా నడుస్తోంది. బోర్డులు దాన్ని అంతే గట్టిగా ఎదిరిస్తున్నాయి.

దీన్ని విదేశీ వింతగా చూడక్కర్లేదు. 2005లో మన సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసుకునే నిబంధనను సమర్థించింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛ అని దానికి పేరు. ఆ తీర్పు నీడలో ఇవాళ ఎన్ని సొసైటీలు ‘మావాళ్లకే’ అనే మాటను మర్యాదగా నిబంధనావళిలోకి ఎక్కించుకున్నాయో చూస్తూనే ఉన్నాం. పేరు ‘సహకార’ సంఘం. సహకారం మాత్రం లోపలున్న వాళ్ల మధ్యే.

‘రెనొవేటెడ్’ అనే మాట చేసిన పని

ఇప్పుడు రెండో మాట. ఇది చదివే కార్మిక, విద్యార్థి సంఘాల మిత్రులు దీన్ని జాగ్రత్తగా గమనించాలని కోరుతున్నాం.

న్యూయార్క్‌లో ‘రెంట్ స్టెబిలైజేషన్’ అని ఒక చట్టం ఉంది. మొదట 1969లో వచ్చింది. స్థూలంగా చెప్పాలంటే 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న అద్దె భవనాలు దీని కిందికి వస్తాయి. వీటిలో ఏడాదికి అద్దె ఎంత పెంచవచ్చో మేయర్ నియమించే తొమ్మిది మంది సభ్యుల బోర్డు నిర్ణయిస్తుంది. లీజు పునరుద్ధరణ అద్దెదారుడి హక్కు. ఊరికే ఖాళీ చేయించడం కుదరదు. దాదాపు 10 లక్షల ఇళ్లకు ఇవాళ ఈ రక్షణ ఉంది. ఈ లెక్కన ప్రీ-వార్ భవనాలు సహజంగానే ఈ చట్టం నీడలో ఉండాల్సినవి.

మరి మేం చూసిన ఇల్లు 4,500 డాలర్లు ఎలా అయింది? భవనాలు కో-ఆప్‌లుగా మారడం ఒక దారి. రెండో దారి రెనొవేషన్.

1993లో తెచ్చిన సవరణ ప్రకారం, ఖాళీ అయిన ఇంటి అద్దె నెలకు 2,000 డాలర్లు చేరితే ఆ ఇల్లు చట్టం నుంచి శాశ్వతంగా బయటపడేది. 1997లో ఇంకో వరం ఇచ్చారు. పాత అద్దెదారుడు వెళ్లిపోతే కొత్తవారికి అద్దెను ఒకేసారి 20 శాతం వరకు పెంచుకోవచ్చు. దీనికి తోడు, ఖాళీ ఇంటికి మరమ్మతులు చేస్తే ఆ ఖర్చులో నలభయ్యో వంతును నెలవారీ అద్దెకు ఎప్పటికీ కలుపుకోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. ఒక వృద్ధురాలు నెలకు 1,000 డాలర్లకు ఉంటోంది అనుకుందాం. ఆమె చనిపోయింది, లేదా వేధింపులు తట్టుకోలేక వెళ్లిపోయింది. 20 శాతం కలిస్తే 1,200. యజమాని వంటగదికి, స్నానాల గదికి 36,000 డాలర్లు ఖర్చయిందని చూపించాడు. అందులో నలభయ్యో వంతు 900. మొత్తం 2,100. ఇల్లు చట్టం దాటింది. ఇక మీదట అద్దె ఎంతైనా అడగొచ్చు. ఖాళీ ఇంట్లో చేసిన ఖర్చుకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కొత్తగా వచ్చిన అద్దెదారుడు అనుమానించి ఫిర్యాదు చేస్తే తప్ప బిల్లులు చూసేవారు లేరు. వచ్చినవాడికి పాత అద్దె ఎంతో తెలిస్తే కదా అనుమానించడానికి.

ఈ పరిమితిని 2011లో 2,500కు, 2015లో 2,700కు పెంచారు. చివరికి 2019లో అద్దెదారుల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలించి, ఈ మొత్తం ఏర్పాటును రద్దు చేశారు. అద్దె పెరిగిందన్న కారణంతో ఇల్లు చట్టం బయటికి పోవడం ఆగింది. 20 శాతం వరం పోయింది. మరమ్మతుల ఖర్చు మీద పరిమితి వచ్చింది. కానీ అప్పటికే బయటికి పోయిన ఇళ్లు బయటే ఉండిపోయాయి.

ఇక్కడే మమ్దానీ హామీకి ఉన్న హద్దు అర్థమవుతుంది. అద్దెల స్తంభన రెంట్ స్టెబిలైజేషన్ కింద ఉన్న ఇళ్లకే వర్తిస్తుంది. ఆ పది లక్షల ఇళ్లలో బతికే శ్రామికులకు, వలస కుటుంబాలకు, వృద్ధులకు అది ప్రాణాధారం. దాన్ని మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. కానీ తెల్లరాతి గట్టు పరిచి చట్టం దాటించిన ఇల్లు ఆ స్తంభనకు అందదు. కారణం లేకుండా ఖాళీ చేయించడాన్ని అడ్డుకునే 2024 నాటి రాష్ట్ర చట్టం నుంచి కూడా కో-ఆప్‌లకు మినహాయింపు ఉంది. దోచుకున్నది దోచుకున్నట్టే ఉంచి, మిగిలినదానికి కాపలా పెట్టడం వరకే ఇప్పటి సంస్కరణలు వచ్చాయి.

నలభై రెట్లు

మా విషయానికి వద్దాం. ఆ ఇల్లు మాకు ఎందుకు రాలేదంటే, ఇక్కడ రాయని నియమం ఒకటుంది. అద్దెకు నలభై రెట్లు వార్షికాదాయం ఉండాలి. 4,500 డాలర్లకు నలభై రెట్లంటే 1,80,000 డాలర్లు. ముగ్గురి స్టైపెండ్లు కలిపినా చేరలేదు. లేదంటే హామీదారు కావాలి. ఆ హామీదారుకు మామూలుగా ఎనభై రెట్లు, అంటే 3,60,000 డాలర్ల ఆదాయం అడుగుతారు. పైగా అమెరికాలోనే ఉండాలి.

ఈ అంకెలో జాతి లేదు, మతం లేదు, కులం లేదు. కానీ అమెరికాలో 3,60,000 డాలర్లు సంపాదించే మేనమామ ఏ తెలుగు విద్యార్థికి ఉంటాడు? రెండు తరాల కింద వైద్యులుగా, ఇంజినీర్లుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ సామాజిక వర్గాల పిల్లలకు ఉంటాడు. కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చదివి, ప్రభుత్వ విదేశీ విద్యా పథకం సాయంతో, మిగిలింది అప్పు చేసి వచ్చిన మాదిగ, మాల పిల్లలకు ఉండడు. ఎవరి ఆస్తి పత్రంలోనూ ‘వీరికి ఇవ్వరాదు’ అని రాయాల్సిన పనిలేదు. నలభై అనే అంకె ఆ పని చేసిపెడుతుంది.

కొన్ని మార్పులు వచ్చాయి. 2019 చట్టం అడ్వాన్సును ఒక నెల అద్దెకు, దరఖాస్తు రుసుమును 20 డాలర్లకు పరిమితం చేసింది. 2025 జూన్ 11 నుంచి బ్రోకర్‌ను పెట్టుకున్నవారే ఫీజు కట్టాలన్న నగర చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏడాది అద్దెలో 15 శాతం వరకు అద్దెదారుడి నెత్తినే పడేది. మేం చూసిన ఇంటి లెక్కన 8,100 డాలర్లు. ఇది చిన్న విజయం కాదు. సంఘటితమైతే రియల్ ఎస్టేట్ లాబీని కూడా వంచవచ్చని ఇది చూపించింది.

మూడో గేటు మనవాళ్లదే

ఇల్లు ఎవరో ఒకరి పేరు మీద దొరికాక ఇంకో తిరస్కరణ మొదలవుతుంది. ఒక బెడ్‌రూమ్ ఇంట్లో హాలుకు తాత్కాలిక గోడ కట్టి రెండు గదులు చేస్తారు. ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. రూమ్మేట్ల కోసం తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో వెతుక్కుంటాం. ‘వెజ్ ఓన్లీ’. ‘వంటింట్లో బీఫ్ వద్దు’. ‘మన వైపు వాళ్లయితే మంచిది’. ఆ ‘మన’ ఎవరో చదివేవారికి తెలుసు.

మాలో ఒకరికి ఒక గది ఖాయమైనట్టే అయింది. ఫోన్‌లో ఊరు అడిగారు, చెప్పాడు. ఇంటిపేరు అడిగారు, చెప్పాడు. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది కాబట్టి వాళ్లకు తేలలేదు. చివరికి ‘ఏమీ అనుకోకు బ్రో, ఏమిట్లు మీరు?’ అని అడిగేశారు. చెప్పాడు. మర్నాడు మెసేజ్: ‘సారీ బ్రో, మా కజిన్ వస్తున్నాడు. నాకైతే ఏ పట్టింపూ లేదు.’ ఆ గది ప్రకటన ఇంకో పది రోజులు గ్రూపులో తిరుగుతూనే ఉంది.

‘నాకైతే ఏ పట్టింపూ లేదు’ అనే ఈ మాట చాలా పాతది. అంబేడ్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు ఉన్నది మేం ఇల్లు చూసిన వీధికి కొంచెం ఎగువనే. కొన్నాళ్లు హార్ట్‌లీ హాల్‌లో, తర్వాత భారతీయ విద్యార్థులుండే ఒక వసతిలో, ఆపైన లివింగ్‌స్టన్ హాల్‌లో పార్శీ మిత్రుడు నవల్ భథేనాతో కలిసి ఉన్నారు. ఆ భవనాలు కూడా ‘ప్రీ-వార్’వే. అంటరానివాడినన్న స్పృహ విదేశాల్లో గడిపిన ఆ సంవత్సరాల్లో తన మనసు నుంచి తుడిచిపెట్టుకుపోయిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. 1917లో ఉద్యోగానికి బరోడా వెళ్తే తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీ సత్రంలో చేరితే, కొద్దిరోజులకే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రుల్ని ఆశ్రయం అడిగారు. ఒకరు తన ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోతారన్నారు. మరొకరు భార్యను అడిగి చెప్పాలన్నారు. ఇద్దరికీ వ్యక్తిగతంగా పట్టింపు లేదు.

అప్పట్లో న్యూయార్క్ నుంచి బరోడా వెళ్తే కులం ఎదురైంది. ఇప్పుడు బరోడానే సూట్‌కేసులో పెట్టుకుని న్యూయార్క్ తీసుకొస్తున్నారు.

సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఒకే రకం ఉద్యోగం, ఒకే స్థాయి, పేరు మాత్రమే వేరు. అగ్రవర్ణ పేర్లతో అడిగినవారికి దాదాపు ఎదురే లేదు. దళితులకు తిరస్కరణలు, అదనపు షరతులు. ముస్లింలకు అంతకంటే ఎక్కువ తిరస్కరణలు. మనం అనుభవంతో ఎరిగినదాన్నే అది లెక్కల్లో పెట్టింది.

అయితే న్యూయార్క్‌లో చట్టం ఏమంటోంది? నగర మానవహక్కుల చట్టంలో జాతి, రంగు, మతం, జాతీయత, వలస స్థితి, ఆదాయ వనరు, ఇలా పెద్ద జాబితా ఉంది. 2023లో మనిషి ఎత్తు, బరువును కూడా చేర్చారు. మంచిదే. కులం అనే మాట మాత్రం విడిగా లేదు. అదే 2023లో సియాటెల్ నగరం క్షమా సావంత్ ప్రవేశపెట్టిన చట్టంతో కుల వివక్షను నిషేధించింది. ఉద్యోగాలతో పాటు ఇళ్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కాలిఫోర్నియాలో చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ న్యూసమ్ అదే ఏడాది అక్టోబర్‌లో వీటో చేశారు. ఉన్న చట్టాలే సరిపోతాయన్నది ఆయన వాదన. సరిపోతే ఆ బిల్లును ఆపడానికి హిందూత్వ సంఘాలు అంత కష్టపడింది ఎందుకో ఆలోచించాలి.

ఇంకో చిక్కు ఉంది. తాను ఉంటున్న ఇంట్లోనే గది అద్దెకిచ్చే వ్యక్తికి వివక్ష చట్టాల్లో మినహాయింపులు ఉంటాయి. ఎవరితో కలిసి బతకాలన్నది సొంత ఇష్టమని. కాబట్టి రూమ్మేట్ల విషయంలో చట్టం ఒక్కటే సరిపోదు. అక్కడ సంఘం కావాలి.

మనం అడగాల్సింది, చేయాల్సింది

మొదటిది, న్యూయార్క్ నగర చట్టంలో కులాన్ని స్పష్టంగా చేర్చాలి. క్వీన్స్‌లోని వుడ్‌సైడ్‌లో, రవిదాస్ ఆలయం దగ్గర వీధి కూడలికి 2022లో అంబేడ్కర్ పేరు పెట్టారు. బోర్డు మీద పేరు పెట్టిన నగరం, చట్టంలో ఆయన పోరాడిన మాటను పెట్టడానికి వెనకాడకూడదు. రెండోది, కో-ఆప్ బోర్డు తిరస్కరిస్తే రాతపూర్వక కారణం ఇవ్వాలన్న ఉద్యమంలో దక్షిణాసియా విద్యార్థి సంఘాలు నల్లజాతి, లాటినో అద్దెదారుల సంఘాలతో కలవాలి. వాళ్లు గెలిచిన చట్టాల నీడలోనే మనం ఇక్కడ ఉంటున్నాం. మూడోది, కొత్తగా వచ్చే విద్యార్థులు లీజు మీద సంతకం పెట్టాక ఆ ఇంటి అద్దె చరిత్రను రాష్ట్ర గృహ సంస్థ నుంచి తెప్పించుకోవాలి. అద్దెదారుడికి అది ఉచితంగా వస్తుంది. ఇల్లు అక్రమంగా చట్టం దాటిందని తేలితే అద్దె తగ్గించుకునే, వెనక్కి రాబట్టుకునే దారులున్నాయి. నాలుగోది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు విదేశీ విద్యా పథకాల కింద పంపే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇంటి హామీ ఏర్పాటు కూడా చూడాలి. ఫీజు కట్టి విమానం ఎక్కిస్తే బాధ్యత తీరదు.

ఐదోది మన పని. అంబేడ్కరైట్ విద్యార్థులు ఒక పేరు మీద ఇల్లు తీసుకుని, అది ఒకరి తర్వాత ఒకరికి అందేలా చూసుకోవాలి. ఈ పద్ధతి చిన్నగానైనా కొన్ని నగరాల్లో మొదలైంది. వంటింట్లో ఎవరి కూర వారు వండుకునే ఇళ్లు అవి. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేయబడ్డ ఐదుగురు విద్యార్థులు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆరుబయట వెలివాడ కట్టుకున్నారు. వారిలో రోహిత్ మనకు దక్కలేదు. చదువుకోవడానికి వచ్చినవాడికి గది లేకుండా చేయడం ఎంత పెద్ద హింసో ఆ ఒక్క పేరు చెబుతుంది.

మేం చివరికి హార్లెమ్ ఎగువన, లిఫ్టు లేని ఐదో అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. ఇదీ ప్రీ-వార్ భవనమే. రెంట్ స్టెబిలైజ్డ్. వంటగది పాతది, పొయ్యి ఒక వైపు వెలగదు. డొమినికన్ కుటుంబాలు, సెనెగల్ నుంచి వచ్చినవాళ్లు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న నల్లజాతి పెద్దావిడ మా ఇరుగుపొరుగు. మొదటి రోజు ఆమే మాకు చెప్పింది, యజమాని వంటగది బాగుచేయిస్తానని వస్తే ముందు కాగితాలు అడగండని. ఈ భవనానికి ఒకే తలుపు ఉంది. అందరం దాన్నుంచే వెళ్తాం, వస్తాం.